రెండు చానెళ్ల ఈఎంఎస్ మెషిన్: పెట్టె బాగుంది, పేచీ ప్యాడ్లతోనే

ఒంటికి అంటించే ప్యాడ్ల ద్వారా కొద్దిపాటి కరెంటు పంపే చిన్న మెషిన్ ఇది. చార్జింగ్ పెట్టుకుని వాడాలి. రెండు చానెళ్లంటే రెండు జతల ప్యాడ్లు. విశాఖలో కేజీహెచ్ (పెద్దాసుపత్రి) చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. టెన్స్, ఈఎంఎస్ రెండూ ఇందులోనే ఉన్నాయి. టెన్స్ నొప్పి తగ్గడానికి, ఈఎంఎస్ కండరం బిగియడానికి. మోకాలి ఆపరేషన్ తర్వాత తొడ సన్నబడితే ఫిజియోథెరపిస్టు పెట్టమనేది రెండోదే.

ఫ్రీక్వెన్సీ (సెకనుకి ఎన్ని కరెంటు పల్సులు), పల్స్ వెడల్పు (ఒక్కో పల్సు ఎంతసేపు), బిగింపు, విరామం అన్నీ విడిగా మార్చుకోవచ్చు. ప్యాడ్ ఊడితే కరెంటు దానంతటదే సున్నాకి దిగుతుంది. ఈ ఏర్పాటు లేని మెషిన్ ఎంత చవకైనా వద్దు.

కంపెనీ పెట్టి పంపే సెట్టింగే బాగాలేదు. 5 సెకన్లు బిగింపు, 5 సెకన్లు విరామం అంటే నీరసించిన కండరం కాసేపటికే చేతులెత్తేస్తుంది. ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్, పల్స్ వెడల్పు 300 మైక్రోసెకన్లు, 10 సెకన్ల బిగింపుకి 50 సెకన్ల విరామంతో మొదలెట్టండి. పది పదిహేను బిగింపులు చాలు. కరెంటు పెంచేది బిగింపు నడుస్తున్నప్పుడే. విరామంలో ఏమీ తెలియక నొక్కుతూ పోతే తర్వాతి బిగింపు ఒక్కసారిగా కొడుతుంది.

ఇక ప్యాడ్లు. 5×5 సెంటీమీటర్లవి, ఒకటి తొడ పైభాగాన బయటివైపు, రెండోది మోకాలి చిప్పకి పైన లోపలివైపు. మన ఊరి ఉక్కకి అంచులు లేచిపోతాయి. అప్పుడు అదే కరెంటు అంటుకున్న కాస్త చోటునుంచే పోతుంది కాబట్టి చురుక్కుమంటుంది, చర్మం కాలనూవచ్చు. చర్మాన్ని సబ్బుతో కడిగి, ఫ్యాను కింద పూర్తిగా ఆరాకే అంటించాలి. కొబ్బరినూనె, పౌడరు ఉండకూడదు. వెంట్రుకలు కత్తెరతో కురచ చెయ్యండి, రేజర్ గాట్ల మీద మంట పుడుతుంది. ప్యాడ్ మీది జిగురు జెల్ ఎండితే ఒక చుక్క నీళ్లు రాయండి. అప్పటికీ అంటకపోతే పారేయడమే.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ముట్టుకోవద్దు. గర్భిణులు, మూర్ఛ, కాలి సిరల్లో రక్తం గడ్డ, క్యాన్సర్ ఉన్నవాళ్లు డాక్టర్ ఒప్పుకుంటేనే. గొంతు ముందు, ఛాతీకి అడ్డంగా, పుండు మీద ఎవరికీ వద్దు. నిద్రలో, తడి ఒంటితో, బండి నడుపుతూ, చార్జింగ్‌లో ఉండగా కూడా వాడకూడదు. అతిగా వాడాక కండరాలు విపరీతంగా నొప్పి పుట్టి మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పొట్ట కరుగుతుందని షాపులో చెప్తే నమ్మకండి, కొవ్వు మీద దీనికి పనే లేదు. కొనేటప్పుడే వైరు పిన్నుకి సరిపడే అదనపు ప్యాడ్ల జత అడగండి. అవి దొరకవంటే ఆ మోడల్ వదిలెయ్యండి.