టేకు పెట్టె, ప్లై పెట్టె: పాత ఫిలిప్స్ స్పీకర్లతో తొమ్మిదేళ్లు

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. పాత స్పీకర్లకి పెట్టెలు చేయించాలంటే టేకు పలకల జోలికి పోకండి. 18 ఎం.ఎం. మంచి ప్లైవుడ్ చాలు, పైన టేకు వెనీర్, అంటే పలచటి టేకు పొర, అంటించుకోండి, పాలిష్ మాత్రం లక్కతోనే చేయించండి. ఈ ముక్క తెలుసుకోవడానికి నాకు రెండు జతల పెట్టెలు, తొమ్మిదేళ్లు, మధ్యలో ఒక బుడమేరు వరద పట్టాయి.

నా దగ్గరున్నవి ఫిలిప్స్ 9710 ఎం, 8 అంగుళాల డబుల్ కోన్ స్పీకర్లు. గుంటూరులో ఓ పాత రేడియో రిపేరు షాపు మూసేస్తుంటే జత రెండు వేలకి దొరికాయి. పెద్ద కాగితం కోను మధ్యలో ఇంకో చిన్న కోను ఉంటుంది, ముద్ద ఉమ్మెత్త పువ్వులో లోపలి పువ్వులాగా. ట్వీటరు, అంటే పై స్వరాలకి విడిగా పెట్టే చిన్న స్పీకరు, లేని లోటు ఆ చిన్న కోనే తీరుస్తుంది. వెనక ఆల్నికో అయస్కాంతం, అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపింది. 1970ల చివర్లో కోబాల్ట్ ధర కొండెక్కాక చాలా కంపెనీలు ఫెరైట్ రకం అయస్కాంతాలకి మారిపోయాయి కాబట్టి ఇప్పుడు ఇలాంటివి పాత సామాను కొట్లలోనే వెతుక్కోవాలి. వీటి అంచు కూడా మడతలు పెట్టిన కాగితమే, ఫోమ్ కాదు, అదీ మన అదృష్టం. ఫోమ్ అంచున్నవి మన ఉక్కకి పదిహేనేళ్లలో వేలు తగిలితే పొడిలా రాలిపోతాయి.

మొదటి జత పెట్టెలు 2016లో. తెనాలి దగ్గర మా తాతగారి పెంకుటిల్లు పడగొట్టినప్పుడు వీధి తలుపులు నా వాటాకి వచ్చాయి, బర్మా టేకు, ఎనభై ఏళ్ల పైమాట. వాటిని ఏం చెయ్యాలో తెలియక అటకెక్కించి ఉంచాను. స్పీకర్లు దొరికేసరికి ఇంకేముంది, తాతగారి తలుపులో పాట వినొచ్చని తెగ ముచ్చటపడి, చిత్రిక పట్టించి, పలకలు అతికించి, 14 అంగుళాల వెడల్పున పెట్టెలు చేయించాను. వాసన అద్భుతం. చూసినవాళ్లంతా చేత్తో నిమిరి వెళ్లేవాళ్లు. మొదటి ఏడాది నేనూ వాటిని చూసి మురిసిపోవడమే సరిపోయింది, సరిగ్గా విన్నది తక్కువ.

రెండో ఏడాది రోహిణి కార్తెలో ఒక రాత్రి హాల్లో ఠప్పుమని శబ్దం. పిల్లి ఏదో పడేసిందనుకున్నా. పొద్దున చూస్తే ఎడమ పెట్టె పక్క పలకలో జానెడు పొడుగున నెర్రె. తప్పు టేకుది కాదు, మాది. వెనక పలక ప్లై వేసి, దాన్ని చుట్టూ జిగురుతో, స్క్రూలతో బిగించేశాం. ప్లై ఎండకీ వానకీ పెద్దగా కదలదు, టేకు పలక మాత్రం అడ్డంగా సాగుతుంది, ముడుచుకుంటుంది. నేను స్కేలు పెట్టి కొలిస్తే ఆ 14 అంగుళాల మీద మే నెలకీ సెప్టెంబరుకీ దాదాపు రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. కదలనిచ్చే దారి లేకపోతే అది తనే దారి చేసుకుంటుంది మరి. తలుపుగా ఉన్నప్పుడు దానికి ఈ బాధ లేదు, తలుపు మధ్యలో ఉండే దిలాసు పలకని చట్రం గాడిలో జిగురు లేకుండా వదిలేవాళ్లు పాతకాలం వడ్రంగులు, ఎందుకో అప్పుడు అర్థమైంది.

ఆ నెర్రె కన్నా నన్ను ఇబ్బంది పెట్టింది మోత. ఘంటసాల గొంతు కింది స్థాయికి దిగినప్పుడల్లా పెట్టె కూడా ఆయనతో పాటు 'ఊ' కొట్టేది. మీ పెట్టె సంగతి తెలుసుకోవాలంటే వేలి కణుపుతో పక్కన కొట్టి చూడండి. కుండలా మోగితే పాటా కుండలోంచే వస్తుంది. బియ్యం బస్తా మీద కొట్టినట్టు దబ్‌మంటే మీది మంచి పెట్టె.

అందుకని 2018లో రెండో జత. విజయవాడ పటమటలో ఒక మేస్త్రి, అరవై దాటిన మనిషి, నాకు బాబాయ్ వరస కాకపోయినా అలాగే పిలిచేవాణ్ణి. ప్లై కొనేటప్పుడు ఐ.ఎస్. 710 ముద్ర చూసి తీసుకోండి, అది మెరైన్ రకం, తడికి పొరలు విడిపోవు. ఐ.ఎస్. 303 రకం కాస్త చవక, ఇంట్లో వాడకానికి అదీ ఫర్వాలేదు గానీ లోపల ఖాళీలు ఎక్కువ, కోసిన అంచులో చీమలు దూరేంత సందులు కనిపిస్తాయి, ఆ సందులే తరవాత గరగరమంటాయి. ఎం.డి.ఎఫ్., అంటే చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే పలక, గురించి అడక్కండి, కృష్ణ ఒడ్డున ఉండేవాళ్లకి అది అప్పడమే. మన కొండపల్లి పొణికితో చేయించొచ్చుగా అని ఓ మిత్రుడు సలహా ఇచ్చాడు. బొమ్మలకి బంగారం లాంటి చెక్కే, కాకపోతే స్క్రూ బిగిస్తే వెన్నలో దిగినట్టు దిగి అలాగే ఊడి వస్తుంది.

లోపలి కొలతలు 24, 14, 11 అంగుళాలు, అంటే 60 లీటర్లు. ఎనిమిదికి నాలుగడుగుల షీటు ఒకటి రెండు పెట్టెలకీ సరిపోయింది. మూలల్లో టేకు రీపులు, మధ్యలో ముందు పలకనీ వెనక పలకనీ కలుపుతూ అడ్డంగా ఇంకో రీపు వేయించాను. ఆ ఒక్క రీపుతో మోత సగానికి సగం తగ్గింది. క్లాంపులు అన్ని లేవని బాబాయ్ పాత సైకిల్ ట్యూబుల్ని పొడుగ్గా పట్టీలుగా కోసి, పెట్టె చుట్టూ తిప్పి తిప్పి లాగి కట్టాడు, ఎక్కడా సందు లేకుండా జిగురు పిప్పిలా పైకి కక్కింది. నేను వెనక పలకకి నాలుగంగుళాలకో స్క్రూ చొప్పున కొట్టమంటే ఆయన చేతిలో పని ఆపి, "స్పీకరు పెట్టెకి ఇంత బందోబస్తు ఏంటి బాబూ, ఇనప్పెట్టా ఇది?" అన్నాడు. ఇనప్పెట్టే బాబాయ్ అన్నాను.

గాలి లీకు చూడ్డానికి అగరొత్తి చాలు. ఫోన్లో టోన్ యాప్ పెట్టి 40 హెర్ట్జ్ శబ్దం ఇస్తూ జాయింట్ల వెంబడి వెలిగించిన అగరొత్తి నడిపించండి. పొగ ఎక్కడ వణికితే అక్కడ చిల్లి. స్పీకరు చట్రం కింద వేసే గాస్కెట్‌కి ఆటోనగర్‌లో ఇంజన్లకి వాడే కార్క్ షీటు కొనుక్కున్నాను, ముక్క యాభై రూపాయలు.

ఇక్కడ ఒక ఏడుపు కథ. మొదటి జత చేసేటప్పుడు వేరే చోట, పేరెందుకు, కుర్రాడొకడు స్పీకర్లని బల్ల మీదే పెట్టి పక్కన ఇనప బ్రాకెట్ డ్రిల్ చేశాడు. ఆల్నికో సంగతి తెలుసుగా, ఇనప రజను ఎక్కడున్నా పిలిచి మరీ దగ్గరికి తీసుకుంటుంది. అయస్కాంతం మధ్య కోను కాయిలు కదిలే సందులోకి నాలుగు రేణువులు దూరాయి, అప్పటినుంచి వీణ వింటుంటే ఎవరో గోరుతో కాగితం గీకుతున్నట్టు శబ్దం. మధ్య మూత ఊడదీసి, మాస్కింగ్ టేపుని సన్నటి అట్టముక్కకి చుట్టి, ఆ సందులో తిప్పి తిప్పి తీయడానికి రెండు ఆదివారాలు పట్టింది. కాబట్టి కోతలన్నీ అయిపోయి, పెట్టె తుడిచి, గదిలో పొట్టు కూడా ఊడ్చాకే స్పీకరు అట్టపెట్టెలోంచి బయటికి రావాలి. కింద పడేసినా, గట్టిగా దెబ్బ తగిలినా ఆల్నికో బలం తగ్గొచ్చు, అదీ గుర్తుంచుకోండి.

స్పీకరు కంత కోసేటప్పుడు లోపలివైపు అంచుని ఏటవాలుగా చెక్కించండి. 18 ఎం.ఎం. మందంలో నిటారు కంత ఉంటే కోను వెనక గాలి ఆడక గొంతు నొక్కినట్టుంటుంది. పెట్టెలోని గాలి బయటికీ లోపలికీ ఆడే గొట్టానికి ప్లంబింగ్ షాపులో దొరికే 75 ఎం.ఎం. పీ.వీ.సీ. పైపే. ముందు నాలుగంగుళాలు పెట్టాను, లెక్క ప్రకారం పెట్టె మోగే స్థాయి 36 హెర్ట్జ్ దగ్గరికి వస్తుంది. మరీ కిందికి పోయి తబలా డొక్కలో పస లేదు. కొంచెం కొంచెం కోసుకుంటూ రెండున్నరకి వచ్చేసరికి, అంటే 41 దగ్గర, పట్టు చిక్కింది. ఎప్పుడూ పొడుగ్గా మొదలుపెట్టి కోసుకుంటూ రావాలి, కోసింది మళ్ళీ అతకదు కదా. అసలు మీ స్పీకరు ఏ హెర్ట్జ్ దగ్గర తనంతట ఎక్కువ ఊగుతుందో తెలియాలంటే వెయ్యి ఓమ్‌ల రెసిస్టరు వరసలో పెట్టి, టోన్ మారుస్తూ స్పీకరు మీద ఏ.సీ. ఓల్టేజి చూడండి. ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువ చూపిస్తే అదే. నా జతలో ఒకటి 52 హెర్ట్జ్, ఇంకోటి 58. అరవై ఏళ్ల వయసులో కవలలు కూడా ఒకేలా ఉండరు.

లోపల నింపడానికి మొదట బూరుగు దూది వాడాను. దిండు కుట్టించగా మిగిలింది, చవక. రెండేళ్లకి విప్పి చూస్తే దూదంతా కిందికి జారి అడుగున బూందీ లడ్డూలా గట్టిపడింది, పైసగం బోడి. పైగా అందులో పురుగులు. ఇప్పుడు లోపల గోడలకి పాలియెస్టర్ వాడింగు అంగుళం మందాన అంటించి ఉంది, ఇంతవరకూ కదల్లేదు. స్పీకరు వెనక మాత్రం పలచటి మల్లు గుడ్డ సంచిలా తొడిగాను, పీచు కాయిల్లోకి పోకుండా.

ముందు గుడ్డకి మొదట మంగళగిరి నేత వేశాను, చూడ్డానికి బ్రహ్మాండం, నోటికి ఆనించి ఊదితే గాలి వెనక్కి తన్నింది. అంటే పై స్థాయి శబ్దం కూడా అక్కడే ఆగిపోతుందన్నమాట. చివరికి అమ్మ పాత వెంకటగిరి చీర, జరీ చుక్కలున్నది, చిరుగు లేని చోట కోసి బిగించాను. ఊదితే దీపం ఆరేలా గాలి పోతుంది. అమ్మ మొదట కోప్పడింది, తరవాత వచ్చినవాళ్లందరికీ ఆ చీర ఏ పెళ్ళికి కొన్నదో చెప్పడం మొదలుపెట్టింది.

ఇక పాలిష్. ఇక్కడే నేనూ బాబాయీ పోట్లాడుకున్నాం. ఆయన మెలమైన్, అంటే స్ప్రే కొట్టే రసాయన పాలిష్, అంటాడు, నేను లక్క అంటాను. తేలక, ఒక పెట్టెకి మెలమైన్ స్ప్రే, ఇంకోదానికి లక్క. ఏదో పంతానికి చేసిందే గానీ ఇంతకన్నా మంచి పరీక్ష ఉండదు, ఎందుకంటే రెండూ ఒకే గదిలో, ఒకే కిటికీ పక్కన ఇన్నేళ్లు ఉన్నాయి. లక్క పలుకులు వన్‌టౌన్‌లో కొన్నాను, లీటరు స్పిరిట్‌కి 200 గ్రాములు, రాత్రంతా గాజు సీసాలో నానబెట్టాలి, ఇనప డబ్బాలో పోస్తే నల్లబడుతుంది. కలిపింది ఏడాది దాటితే ఆరదు, జిడ్డుజిడ్డుగా వేలికి అంటుకుంటుంది, కాబట్టి కావలసినంతే కలుపుకోండి. 180, తరవాత 320 నంబరు ఎమరీ పేపరు పట్టి, దూది మీద గుడ్డ చుట్టి మూటలా చేసి రుద్దుతూ రోజుకి రెండు పూతలు. వెనీర్ కాబట్టి ఎమరీ జాగ్రత్త, అంచుల దగ్గర గట్టిగా రుద్దితే కింద ప్లై కనిపిస్తుంది, నాది ఒక మూల అలాగే కనిపించింది. వాన పడే రోజు చేస్తే పూత మీద పాలలాంటి తెల్లటి మసక వస్తుంది. నేను జనవరిలో, పండగ సెలవుల్లో చేశాను, పన్నెండు పూతలు.

ఆరేళ్ల తరవాత: మెలమైన్ పెట్టె పసుపెక్కింది, మాప్ కర్ర తగిలిన మూల పెచ్చు లేచింది, అక్కడ సరిచేయాలంటే మొత్తం గోకి మళ్ళీ కొట్టాలట. లక్క పెట్టె మీద కాఫీ గ్లాసు గుండ్రాలు నాలుగుసార్లు పడ్డాయి, పడ్డ ప్రతిసారీ స్పిరిట్ తడిపిన గుడ్డతో ఇరవై నిమిషాల్లో పోయాయి, పాత పూత కరిగి కొత్త పూతతో కలిసిపోతుంది కాబట్టి. కాకపోతే అడుగున తడి గుడ్డ తగిలే నాలుగంగుళాల మేర ఏటా దసరాకి ముందు మళ్ళీ వేసుకోవాల్సిందే, ఆ బద్ధకం ఉన్నవాళ్లు మెలమైన్‌కే పోండి. రెండూ పక్కపక్కన ఇప్పుడు ఒకటి ఆవునెయ్యి రంగు, ఇంకోటి బెల్లం పాకం రంగు.

ఖర్చు అప్పటి ధరల్లో ప్లై 3,500, వెనీర్ 2,200, మేస్త్రి కూలి ఆరు రోజులకి 5,400, చిల్లర సామాను ఇంకో రెండు వేలు.

శబ్దం? గొంతు, వయొలిన్, నాదస్వరం ఎదురుగా కూర్చుని ఉన్నట్టుంటాయి. పొద్దున్నే ఆకాశవాణి విజయవాడ వార్తలు చదివే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతుంది. ఇప్పటి సినిమా పాటల్లో గుండెల మీద కొట్టే డ్రమ్ము కావాలంటే మాత్రం ఇది మీ సరుకు కాదు, నేను 10 వాట్లు దాటనివ్వను కూడా. చిన్న కోను వల్ల పై స్వరాలు సూటిగా చెవిలో గుచ్చుతాయి, కొంచెం పక్కకి తిప్పి పెట్టుకుంటే సర్దుకుంటుంది.

టేకు పెట్టెల సంగతి మిగిలింది. నెర్రెలో టేకు పొడి, జిగురు కలిపి కూరి, ఇంకో జత సాదా 8 అంగుళాల స్పీకర్లు బిగించి సింగ్ నగర్‌లో మా బావకి ఇచ్చేశాను. 2024 సెప్టెంబరులో బుడమేరు ఇంట్లోకొచ్చింది, నాలుగు రోజులు నడుం లోతు నీళ్లలో ఉన్నాయి అవి. నీళ్లు తీశాక వెళ్తే వాళ్ల ఎం.డి.ఎఫ్. టీవీ స్టాండు అటుకుల ముద్దలా కూలి ఉంది, స్పీకర్ల కాగితం కోన్లు చేత్తో పట్టుకుంటే జావలా జారాయి. టేకు పెట్టెలు మాత్రం జిగురు వదిలేసి పలకలు పలకలుగా విడిపోయాయి, ఒక్క పలక కూడా వంకర పోలేదు, పాడవలేదు. బురద కడిగి, నీడన రెండు నెలలు ఆరబెట్టాం. "బావా, నీ తలుపులు నువ్వే తీసుకెళ్లు, మళ్ళీ వరదొస్తే నావి అనుకుని ఏడవలేను" అన్నాడు. ఆటోలో వేసుకొచ్చాను. మళ్ళీ అటకెక్కాయి. ఈసారి పెట్టె చేసినా వెనక పలక జిగురు లేకుండా గాడిలో వదిలేస్తాను. ఎవరి దగ్గరైనా ఇంకో 9710 జత ఉంటే చెప్పండి, ధర మాత్రం కాస్త చూసి చెప్పండి.