పన్నెండేళ్ళ స్టాండ్‌బై: మావాడి స్టాఫ్ టికెట్లతో మా తిరుగుళ్ళు

మా అబ్బాయి యూఏఈలోని ఒక ఎయిర్‌లైన్‌లో లోడ్ కంట్రోల్‌లో పనిచేస్తాడు. విమానంలో ఎంత బరువు ఎక్కించాలి, ఎక్కడ పెట్టాలి అని లెక్కగట్టే పని. 2013లో చేరాడు. కొన్నాళ్ళకి, ఉద్యోగుల ఇంటివాళ్ళకి తగ్గింపు ధరకిచ్చే స్టాఫ్ టికెట్ల కోసం, మా ఇద్దరి పేర్లూ కంపెనీలో నమోదు చేయించాడు. అప్పటి నుంచి నేనూ మా ఆవిడా రాజమండ్రి నుంచి అక్కడికి పద్నాలుగు సార్లు వెళ్ళొచ్చాం, ఒకసారి లండన్ కూడా చూశాం. ఇన్నేళ్ళలో పూర్తి ధర పెట్టి ఎక్కింది మూడు సార్లే. ఆ మూడూ ఎందుకో చెబితే ఈ టికెట్ సంగతి సగం తెలిసినట్టే.

ముందు డబ్బు గురించి. తొంభై శాతం తగ్గింపు అనగానే టికెట్ పదో వంతుకే వస్తుందని చుట్టాలందరూ అనుకుంటారు. ఆ తగ్గింపు మూల ఛార్జీకే. పన్నులు, ఎయిర్‌పోర్టు రుసుములు అందరిలాగే మనమూ పూర్తిగా కట్టాలి. పోయినసారి ఇద్దరికీ రానూపోనూ కలిపి పదిహేడు వేల దాకా అయింది. అందులో ఎక్కువ భాగం పన్నులే. మామూలు టికెట్లయితే ఆ వారం యాభై వేలు దాటేవి. అలాగని ఎప్పుడూ ఇంత తేడా ఉండదు. ఆఫర్లు నడిచే రోజుల్లో మామూలు టికెట్‌కీ మా టికెట్‌కీ మనిషికి రెండు వేలు కూడా తేడా లేని సందర్భాలున్నాయి. అప్పుడు మారుమాట్లాడకుండా మామూలు టికెట్టే కొనెయ్యాలి. మూడింటిలో ఒకటి అలా కొన్నదే.

లండన్‌లో ఇంకో పాఠం. బ్రిటన్ నుంచి విమానంలో బయల్దేరే ప్రయాణికుల మీద ఆ దేశం ఒక పన్ను వేస్తుంది. మేం వెళ్ళిన 2024లో మన దూరానికి ఎకానమీలో మనిషికి 88 పౌండ్లు. స్టాఫ్ టికెట్ అయినా సరే. రూపాయల్లోకి మార్చి చూసుకుంటే మూల ఛార్జీ చిల్లరలా కనిపించింది.

ఇక అసలు విషయం, సీటు. మామూలు టికెట్ మీద ఓకే అని ఉంటుంది. మా టికెట్ మీద ఎస్ఏ అని ఉంటుంది. అంటే ఖాళీ ఉంటేనే. స్టాండ్‌బై అనేది దీన్నే. కౌంటర్ మూసేదాకా డబ్బు పెట్టి కొన్నవాళ్ళ కోసం చూస్తారు, ఆ తరవాత మా జాబితా తీస్తారు. అందులోనూ వరస ఉంది. డ్యూటీ మీద వెళ్ళే సిబ్బంది ముందు, తరవాత ఉద్యోగులు, వాళ్ళ భార్యాపిల్లలు, ఆ కింద తల్లిదండ్రులు. ఒకే వరసలో ఉన్నవాళ్ళలో ఎవరి మనిషి ముందు ఉద్యోగంలో చేరాడో వాళ్ళకి ముందు. మావాడు కొత్తలో ఉన్నప్పుడు మేం ఎప్పుడూ తోకలోనే. ఇప్పుడు పన్నెండేళ్ళ సర్వీసు కాబట్టి కొంచెం మెరుగు. వేరే ఎయిర్‌లైన్‌లో ఎక్కితే మాత్రం ఆ సర్వీసుకి విలువ లేదు, వాళ్ళవాళ్ళంతా అయ్యాకే మన పేరు.

సీటు ఖాళీగా ఉన్నా ఎక్కనివ్వని రోజు ఒకటి చూశాను. 2018 మే నెల, శంషాబాద్‌లో మధ్యాహ్నం విమానం. తొమ్మిది సీట్లు ఖాళీ అని మావాడు ముందే చెప్పాడు. కౌంటర్‌లో అమ్మాయి మాత్రం 'సారీ అంకుల్, వెయిట్ ఇష్యూ' అంది. ఫోన్ చేస్తే మావాడు విడమరిచి చెప్పాడు. ఎండకి గాలి పలచబడుతుంది, రెక్కలకి పట్టు తగ్గుతుంది, అందుకని అదే రన్‌వే మీద తక్కువ బరువుతో లేవాలి. డబ్బు కట్టిన సరుకు ఉంటే అది వెళ్తుంది, స్టాఫ్ ఆగుతారు. ఆ రోజు సరుకేమిటయ్యా అంటే మామిడిపళ్ళు. మేం కూడా సంచిలో రెండు డజన్ల బంగినపల్లి పెట్టుకుని కూర్చున్నాం. మేం ఆగిపోయాం, పళ్ళు ఎగిరిపోయాయి.

దొరక్కపోతే ఏమవుతుందన్నది ఖర్చులో ఎవరూ రాసుకోరు. మాకు రాజమండ్రి నుంచి రాత్రి గౌతమి ఎక్కి సికింద్రాబాద్, అక్కణ్ణుంచి పుష్పక్ బస్సులో ఎయిర్‌పోర్టు. ఆఫ్‌లోడ్ అయితే, అంటే సీటు లేదని ఆపేస్తే, మళ్ళీ బస్సెక్కి కూకట్‌పల్లిలో మా తమ్ముడింటికి. అర్ధరాత్రి తలుపు కొట్టడం మా మరదలికి అలవాటైపోయింది, 'అన్నంలో నీళ్ళు పొయ్యలేదు బావగారూ, రండి' అంటుంది. తమ్ముడిల్లు అక్కడ లేకపోతే ఈ సమీక్ష వేరేలా ఉండేది. లండన్‌లో అలాంటి ఇల్లు లేదు. రెండు రాత్రులు హోటల్‌కి పెట్టింది మిగిలిందంతా మింగేసింది. విమానం ఆలస్యమైతే పరిహారం ఇవ్వాలన్న యూరప్ నిబంధన ఒకటుంది, 2004 నాటిది, బ్రిటన్‌లోనూ దాదాపు అదే నడుస్తోంది. జనానికి దొరకని తగ్గింపు ధరతో ప్రయాణించేవాళ్ళకి అది వర్తించదు. కాఫీ కూడా ఎవరూ ఇవ్వరు, అడక్కూడదు.

మనవడి అన్నప్రాసనకి వెళ్ళేటప్పుడు ఉన్నది ఒక్క సీటు. మా ఆవిడ అప్పటిదాకా ఒంటరిగా బస్సులో విజయవాడ కూడా వెళ్ళలేదు. 'ఏవండీ, మీరెళ్ళండి, మీకైతే ఇంగ్లీషు వచ్చు' అంది. 'నీ చేతి ముద్ద కదా వాడు తినాల్సింది' అని నేనే పంపించాను. గేటు దాకా వెళ్ళే వీల్లేదు, అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. నేను మూడో రోజుకి చేరాను. అన్నప్రాసన ఫోన్‌లో చూశాను. రెండో పూర్తి టికెట్ కథ అక్కణ్ణుంచే వచ్చింది. మనవడి మొదటి పుట్టినరోజుకి ఇద్దరికీ ఓకే ఉన్న టికెట్లు కొన్నాను, అంతే.

మూడోది 2020. మార్చిలో విమానాలు ఆగిపోయాయి, మేం అక్కడ ఇరుక్కున్నాం. అలా ఇరుక్కున్నవాళ్ళ కోసం మన ప్రభుత్వం నడిపిన వందే భారత్ విమానాల్లో స్టాఫ్ టికెట్లు చెల్లలేదు, జూన్‌లో చెప్పిన ధర కట్టి వచ్చాం. అప్పటికే మావాడి తోటివాళ్ళు చాలామందికి ఉద్యోగాలు పోయాయి. ఉద్యోగంతో పాటే ఈ సౌకర్యమూ పోతుంది, పెన్షన్ లాంటిది కాదు.

తిరుగు ప్రయాణంలో ఇంకో చిక్కు, వీసా. యూఏఈలో గడువు దాటితే రోజుకి 50 దిర్హాంలు జరిమానా. మేం గడువుకి పది రోజుల ముందు విమానానికే లిస్టింగ్ పెట్టించుకుంటాం, అంటే స్టాండ్‌బై జాబితాలో పేరు ఎక్కించుకుంటాం. ఆఖరి రోజున స్టాండ్‌బైలో నిలబడడం లాంటి టెన్షన్ పగవాడికీ వద్దు.

ఇన్నేళ్ళలో మేం నేర్చుకున్న కిటుకు ఒక్కటే. జనం ఎటు వెళ్తుంటే మనం అటు వెళ్ళకూడదు. జూన్ ఆఖరుకి అక్కడ స్కూళ్ళు మూసేస్తారు, అందరూ ఇండియా వస్తారు. అదే విమానం తిరిగి వెళ్ళేటప్పుడు బోసిగా ఉంటుంది. అప్పుడు మేం వెళ్తాం. ఆగస్టు ఆఖరుకి వాళ్ళు తిరిగి వెళ్తుంటే మేం ఇటు వస్తాం. సంక్రాంతి ముందు ఇటు రావాలని చూడనే చూడం. కాకపోతే కోడలు పిల్లాణ్ణి తీసుకుని ఇక్కడికి వస్తుందనుకున్న నెలల్లో మేం అక్కడుండడం కొంచెం విడ్డూరమే.

చుట్టాల సంగతి కూడా చెప్పాలి. స్నేహితులకి, బంధువులకి ఏడాదికి కొన్ని టికెట్లు ఇచ్చే వెసులుబాటు మావాడికి ఉంది. మా బావమరిదికి రెండిప్పించాం. సీటు రాలేదని కౌంటర్ దగ్గర గొంతు పెంచాడు, 'మా మేనల్లుడు మీ కంపెనీలోనే ఆఫీసరు' అని పేరు కూడా చెప్పాడు. వారం తిరక్కుండా మావాణ్ణి పిలిచి సంజాయిషీ అడిగారు. మనం ఎక్కేది టికెట్ మీద కాదు, పిల్లవాడి మంచిపేరు మీద. అప్పటి నుంచి ఎవరడిగినా 'కోటా అయిపోయింది' అంటున్నాను. అబద్ధమే, తప్పదు.

రిటైరైన నాలాంటివాడికి అయిదుకి నాలుగు మార్కులు వేస్తాను. సెలవు లెక్కపెట్టుకుని వెళ్ళాల్సినవాళ్ళకి రెండు వెయ్యడం కూడా ఎక్కువే.

ఈ 28న మళ్ళీ బయల్దేరాలి. నిన్న రాత్రి మావాడు చూసి చెప్పిన ప్రకారం 41 ఖాళీలు, మా ముందు లిస్టులో పదకొండు మంది. మా ఆవిడ మాత్రం ఆవకాయ జాడీ ఇంకా ప్యాక్ చెయ్యలేదు. బోర్డింగ్ పాస్ చేతికొచ్చాక కడతానంటోంది.