ఎర్రముక్కపల్లి మెస్సు: సంగటి, పాలకోవా, పలుగురాయి

కడప ఎర్రముక్కపల్లిలో, బ్రౌన్ గ్రంథాలయం నుంచి పది నిమిషాలు నడిస్తే ఒక చిన్న మెస్సు వస్తుంది. బోర్డు లేదు. ఆరు బల్లలు, గోడకు ఒక పలక, దాని మీద సుద్దతో ఆ పూట కూరలు. రెండేళ్లుగా గురువారం రాత్రి భోజనం మాకు అక్కడే. మేమంటే నేను, డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు చెప్పే నా స్నేహితురాలు, ఉద్యోగ విరమణ చేసిన భూగర్భశాస్త్రం మాస్టారు. కథలు రాసేదాన్ని కాబట్టి నాకు తిండి బాగుంటే చాలదు, తిన్నాక కాసేపు కూర్చోనివ్వాలి కూడా.

ముందు తిండి. రాగి సంగటి ముద్ద పొగలు కక్కుతూ వస్తుంది. గుంట చేసి నెయ్యి వేస్తారు. నాటుకోడి పులుసు చిక్కగా ఉంటుంది, కారం నాలుక మీద ఆగకుండా గొంతు దాకా దిగుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టం ఊరుబిండి. వేయించిన వేరుశనగపప్పు, ఎండుమిరపకాయలు రోట్లో కచ్చాపచ్చాగా దంచుతారు, పలుకులు పంటికి తగలాలి. మిక్సీ పట్టిన రోజు ఇట్టే తెలిసిపోతుంది, ఆ రోజు మెస్సు నడిపే అక్కకు చెప్పేస్తాను. రసంలో ఉప్పు తరచూ ఎక్కువవుతుంది. చేతులు కడుక్కునే చోట దీపం లేదు, అది పెట్టించాలి.

ఇక అక్కడి మాటలు. పోయిన నెల ఒక పిల్లవాడు నూడుల్స్ కావాలని మారాం చేశాడు. అవి అక్కడ చేయరు. నా స్నేహితురాలు అందుకుంది: నూడుల్ జర్మన్ మాటేనట, అక్కడ నూడెల్ అంటారు. పిల్లవాడు వెళ్లే కిండర్‌గార్టెన్ కూడా జర్మనే, పిల్లల తోట అని అర్థం. ఫ్రోబెల్ అనే జర్మన్ విద్యావేత్త 1837లో బడి పెట్టి, 1840లో దానికి ఆ పేరు ఇచ్చాడు. ఇంగ్లీషువాళ్లు అనువదించుకోకుండా ఉన్నదున్నట్టు తీసుకున్నారు. డాలరు మూలం యోఆఖిమ్‌స్టాల్ అనే లోయ, ఇప్పుడు చెక్ దేశంలో ఉంది. అక్కడి వెండితో కొట్టిన నాణెం థాలర్, అదే డాలరు అయింది.

వెండి గనుల మాట రాగానే మాస్టారు సంగటి ముద్ద పక్కకు జరిపారు. ఒకప్పుడు జర్మన్ గనివాళ్లకు రాగిలా ఎర్రగా మెరిసే ఖనిజం దొరికేదట. ఎంత కరిగించినా రాగి వచ్చేది కాదు. ఏదో దయ్యం మోసం చేస్తోందని దానికి కుప్ఫర్‌నికెల్, అంటే రాగి దయ్యం అని పేరు పెట్టారు. 1751లో స్వీడన్ శాస్త్రవేత్త క్రోన్‌స్టెట్ అందులో కొత్త లోహాన్ని కనిపెట్టాడు. రాగి పోయింది, నికెల్ అన్న దయ్యం మాత్రం మిగిలింది. కోబాల్టూ అంతే, కోబోల్డ్ అనే గని దయ్యం పేరే. గాజులా మెరిసే గట్టి రాయి క్వార్ట్జ్ పేరు కూడా ఆ గనివాళ్ల నోటి మాటే.

ఇంతలో అక్క గువ్వలచెరువు పాలకోవా తెచ్చి పెట్టింది. మాస్టారు ఒక ముక్క పట్టుకుని, "ఈ ఊరి పేరు ప్రపంచమంతా భూగర్భశాస్త్రం పుస్తకాల్లో ఉందమ్మా" అన్నారు. కడప శిలల దొంతరలో అన్నిటికన్నా అడుగు పొర గువ్వలచెరువు క్వార్ట్‌జైట్, అంటే క్వార్ట్జ్ ఇసుక గట్టిపడి అయిన రాయి. పై పొరల్లో ఒకటి పులివెందుల క్వార్ట్‌జైట్. జర్మన్ గనివాడి మాట మన ఊళ్ల పక్కన వచ్చి కూర్చుంది.

నా సంచిలో ఆ వారం రాసిన కథ ఉంది. అందులో గువ్వలచెరువు కనుమ దగ్గర రాళ్లు కొట్టే ఆమె, "పొద్దుటి నుంచి క్వార్ట్జ్ ఏరుతున్నాను" అంటుంది. చదివి వినిపించాను. మాస్టారు ఒకే ఒక ప్రశ్న వేశారు: "ఆమె నోట ఆ మాట వస్తుందా అమ్మా?" రాదు. ఆమె పలుగురాయి అంటుంది. మంగంపేటలో బెరైటీస్ తవ్వేవాళ్లు ముగ్గురాయి అంటారు. మా ఇంటి గచ్చు నాపరాయి. రాయిని చేత్తో పట్టుకున్నవాళ్లే పెట్టిన పేర్లు ఇవన్నీ, నికెల్ లాగానే. పరాయి మాట రావద్దని నేను అనను, బ్రౌన్ దొర తెలుగులో కలిసిన పరాయి మాటలకు 1854లోనే విడిగా నిఘంటువు వేశాడు. కానీ పలుగురాయిని నేనే తోసేసి ఆ చోట క్వార్ట్జ్‌ను కూర్చోబెట్టాను. ఆ తప్పుకు నాకు నిజంగా బాధ కలిగింది. ఆకు ఎత్తకముందే పెన్ను తీసి కొట్టేశాను.

తర్వాత షాడెన్‌ఫ్రాయ్‌డ అనే ఇంకో జర్మన్ మాట మీద పడ్డాం. పక్కవాడికి దెబ్బ తగిలితే మనసులో కలిగే సంతోషం. ఓర్వలేనితనం అంటే సరిపోదు, అది ఎదుటివాడి మేలు చూసి పుట్టేది. పదిన్నర అయింది, ఒక్క మాటలో తెలుగు కుదరలేదు. అక్క దీపాలు ఆర్పలేదు. మూడు గ్లాసుల మజ్జిగ పెట్టి, మిగతా బల్లలు తుడుచుకుంటూ వింటోంది. మజ్జిగకు డబ్బు తీసుకోలేదు.

సంగటి, పప్పు, ఊరుబిండి కలిపి నూట పది రూపాయలు, కోడి పులుసు వేరే. తొమ్మిది దాటితే సంగటి దొరకదు. ఆదివారం సెలవు. పాలకోవా పలక మీద రాయరు, అడగాలి.