రెండు అంగుళాలు దించిన హయబుసా: రెండేళ్ల తర్వాత

నాది 2006 సుజుకీ హయబుసా బైక్. ఉండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. ఎనిస్‌లోని టెక్సాస్ మోటర్‌ప్లెక్స్ ట్రాక్‌లో డ్రాగ్ రన్‌లు, అంటే నిలబడ్డ చోటి నుంచి తిన్నగా దూసుకెళ్లే పరుగులు, మొదలుపెట్టినప్పటి నుంచీ ఒకటే బాధ. క్లచ్ వదలగానే ముందు చక్రం లేస్తుంది, భయమేసి థ్రాటిల్ తగ్గిస్తాను, టైమ్ అక్కడే పోతుంది. దీనికి అసలు మందు స్వింగార్మ్, అంటే వెనక చక్రాన్ని పట్టుకునే చేయి, పొడిగించడం. కానీ అంత డబ్బు పెట్టే ఉద్దేశం లేదు, పైగా ఆఫీసుకి వెళ్లేదీ ఈ బండి మీదే. బండి కిందికి దిగినా ముందు చక్రం అంత తేలిగ్గా లేవదు. అందుకే వెనక సస్పెన్షన్‌ని దించే అడ్జస్టబుల్ లోయరింగ్ లింకులు, ముందు ఫోర్కులని (ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ గొట్టాలు) నొక్కి కట్టేసి ఉంచే స్ట్రాప్ తీసుకున్నాను. రెండూ కలిపి 120 డాలర్ల లోపే.

వెనక రెండు అంగుళాలు దించాను. వెనక ఒక్కటే దించితే బండి తిరగడానికి మొండికేస్తుంది, కాబట్టి ముందు ఫోర్కు గొట్టాలనీ క్లాంపుల్లో కొంచెం పైకి జరిపాను. ఎత్తు మారితే చైన్ బిగువూ మారుతుంది, అదీ మళ్లీ చూసుకోవాలి.

నేను అస్సలు ఊహించనిది సైడ్ స్టాండ్. బండి దిగింది, స్టాండ్ పొడవు మాత్రం అంతే ఉంది. దాంతో బండి దాదాపు నిటారుగా నిలబడుతోంది. గ్యాస్ స్టేషన్‌లో గాలి విసురుకి కుడివైపు ఒరిగిపోతుంటే తుంటితో ఆపాను. ఆ నీలం మచ్చ వారం రోజులుంది. స్టాండ్ కోయించి, మళ్లీ వెల్డింగ్ చేయించడానికి దాదాపు లింకుల ఖరీదంత అయింది.

స్ట్రాప్ ట్రాక్‌లోకి వెళ్లాకే బిగించాలి. ఫ్రెండ్ హ్యాండిల్ మీద బరువంతా వేసి నొక్కుతుంటే నేను రెండు వైపులా సమానంగా లాగుతాను. ఒకసారి విప్పడం మర్చిపోయి బయల్దేరాను. పార్కింగ్ దాటకముందే చిన్న గుంతకి మణికట్లు అదిరిపోయాయి. ముందు సస్పెన్షన్ లేనట్టే కదా, ఆ స్థితిలో రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేయాల్సి వస్తే అంతే సంగతులు.

ఫలితం మాత్రం రన్ అయ్యాక ట్రాక్‌వాళ్లిచ్చే టైమ్ స్లిప్ మీదే కనిపించింది. మొదటి 60 అడుగులు 1.95 సెకన్ల నుంచి 1.78కి వచ్చింది, అదే టైరు, అదే నేను. ఆశ పుట్టి ఇంకో అర అంగుళం దించితే వెనక టైరు ఊరికే గిర్రున తిరిగింది. బరువు వెనక్కి సరిగ్గా వాలకపోతే పట్టెక్కడిది? మళ్లీ పాత కొలతకే వచ్చాను.

ఏడాది దాటాక ఒక లింకు చివర బేరింగ్ లూజైంది. వాన, ఇసుక దాన్ని తినేశాయి. అమ్మినవాళ్లకి రెండు మెయిళ్లు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. లాక్ నట్ల మీద తెల్ల పెయింట్ గీత గీసి, ప్రతి రన్‌కి ముందు అది కదిలిందేమో చూడటం అప్పుడే అలవాటైంది.

రోజువారీ వాడకంలో మా అపార్ట్‌మెంట్ స్పీడ్ బ్రేకర్‌ని ఏటవాలుగా దాటాలి, లేకపోతే కింద గీసుకుంటుంది. వెనక మనిషి కూర్చుంటే టైరు ఫెండర్‌కి తగులుతుంది, అందుకే మా ఆవిడ ఎక్కడం మానేసింది.

ఈసారి అడ్జస్టబుల్ కాకుండా గట్టి ప్లేటు లింకులు తెప్పించాను. నాకు కావాల్సిన ఎత్తు ఇప్పుడు తెలుసు, తిప్పుకునే పని లేదు.