గడ్డమొక్కల కోసం శేషాచలం: బస తలకోనలోనా, తిరుపతిలోనా?

శేషాచలం కొండల్లో పూలుపూసే గడ్డమొక్కల్లో కొత్త జాతుల కోసం వెతకడానికి వెళ్లేవాళ్లు ఎక్కడ దిగాలన్నదాని కంటే ముందు ఎన్నిసార్లు రావాలన్నది తేల్చుకోవాలి. నక్కఉల్లి, అంటే డ్రిమియా, ఎండాకాలపు జల్లులకు ఒక్క ఆకు కూడా లేకుండా ఉత్త కాడ మీద పూస్తుంది. కొన్ని వారాలకు కాయ. ఆకులు వానలు పట్టాక వస్తాయి. ఒక్క ప్రయాణంలో చేతికొచ్చేది సగం మొక్కే, సగం మొక్కతో కొత్త జాతి అని ఎవరూ ఒప్పుకోరు. ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, కాయకు ఒకసారి, ఆకుకు ఒకసారి రావాలి. బస కూడా ఈ లెక్కతోనే చూసుకోవాలి.

పువ్వు కోసం వచ్చినప్పుడు తలకోనలోనే ఉండటం మేలు. పాంక్రేషియం లాంటి తెల్లపూల గడ్డమొక్కలు సాయంత్రం విచ్చుకుని మర్నాటికి వాడిపోతాయి. తిరుపతి నుంచి రంగంపేట, భాకరాపేట ఘాట్, నెరబైలు మీదుగా దాదాపు 60 కిలోమీటర్లు. పొద్దున వచ్చి సాయంత్రం తిరిగిపోయేవాళ్లకు మొగ్గలు, వాడిన పూలే కనిపిస్తాయి. బస్సులు తక్కువ కాబట్టి కారు మాట్లాడుకుంటే చీకటి పడేదాకా ఆగాలని డ్రైవరుకు ముందే చెప్పాలి. అతిథి గృహాల్లో భోజనం కూడా ముందే చెప్పి పెట్టుకోవాలి. శని, ఆదివారాల్లో జలపాతం దగ్గర జనం ఎక్కువ, పని సాగదు. కోతులతో మరీ జాగ్రత్త: మొక్కల్ని కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టే ప్రెస్సు కట్టను వరండాలో పెడితే కాగితాలు చిందరవందర చేసి వదులుతాయి. సెల్ సిగ్నల్‌ను నమ్ముకోకండి.

కాయకు, ఆకుకు వచ్చే విడతల్లో తిరుపతే నయం. యూనివర్సిటీ రోడ్డు, బాలాజీ కాలనీ వైపు గది తీసుకుంటే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం దగ్గర పడుతుంది. అక్కడి వృక్షశాస్త్ర విభాగంలో ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకుంటే పాత నమూనాలతో పోల్చుకోవచ్చు. శ్రీనివాసం, విష్ణునివాసం గదులు దర్శనానికి వచ్చేవాళ్ల కోసం. మట్టి సంచులతో రోజుల తరబడి చేసే పనికి అవి కుదరవు. పూల కాలం, వేసవి సెలవుల యాత్రికుల రద్దీ ఒకేసారి వస్తాయి కాబట్టి ముందుగా బుక్ చేసుకోవాలి. తిరుమల కొండ మీద బస ఈ పనికి పనికిరాదు. పువ్వులు భద్రపరిచే స్పిరిట్ సీసా అలిపిరి తనిఖీలోనే ఆగిపోవచ్చు. పైగా కొండ మీద పూచిన పువ్వు స్వామిదేనని తలలో కూడా పెట్టుకోరు, అక్కడ మొక్క తవ్వడమన్న మాటే వద్దు. పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం చూడాలనుకుంటే ఏనుగులున్న చోటు, అటవీ సిబ్బంది తోడు లేకుండా అడుగు పెట్టకూడదు.

అనుమతి లేకుండా ఏదీ తవ్వొద్దు. శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలో మొక్క తీయాలంటే 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద అనుమతి కావాలి. ఎర్రచందనం దొంగల మీద నిఘా ఉన్న అడవి ఇది. చేతిలో గునపంతో కనబడితే ఆపి అడుగుతారు, ఆపాలి కూడా. అనుమతి పత్రం నకళ్లు రెండు మూడు జేబులో ఉంచుకుని, అటవీ రేంజ్ ఆఫీసులో చెప్పి వెళ్లాలి.

మొక్కకు జానెడు దూరంలో గుంత తీసి పక్కనుంచి రావాలి. కాడ పట్టి లాగితే మెడ తెగి గడ్డ లోపలే ఉండిపోతుంది. చేతికి గ్లవ్స్ తప్పనిసరి, నక్కఉల్లి రసం దురద పెడుతుంది, గడ్డ విషం. కొలతలన్నీ పచ్చిగా ఉన్నప్పుడే, పది మొక్కల మీద తీయాలి. ఆరితే రంగూ పోతుంది, కొలతా తగ్గుతుంది. డ్రిమియాలో కాడ కింది భాగంలో పూల దగ్గరుండే చిన్న రేకుకు వెనక ముల్లులాంటి తోక ఉంటుంది. పువ్వు విచ్చేసరికే అది రాలిపోతుంది, అందుకని మొగ్గ దశలోనే లెన్సు పెట్టి చూసి ఫొటో తీయాలి. పువ్వులు కొన్ని 70 శాతం స్పిరిట్‌లో వేయాలి. గడ్డను నిలువుగా చీల్చి, మరిగే నీళ్లలో ముంచి తీశాకే ప్రెస్సులో పెట్టాలి. అలా చేయకపోతే అది కాగితాల మధ్యే బతికి మొలకెత్తుతుంది, లేదా బూజు పట్టి, ఎండిన మొక్కను అతికించే షీటంతా పాడవుతుంది. పాత పేపర్లు కిలోల లెక్కన కొనుక్కోండి. మొదటి రోజు రెండుసార్లు, తర్వాత రోజూ ఒకసారి మార్చాలి.

కొత్తది దొరికిందన్న సంబరం ఎక్కువగా బోల్తా పడేది తోట మొక్కల దగ్గర. పాంక్రేషియంలాగే పువ్వు మధ్య తెల్లటి గిన్నె ఉన్న హైమినోకాలిస్ అమెరికా మొక్క, ఊళ్లలో పెంచుతారు. గింజ చూస్తే తేలిపోతుంది: దానిది పచ్చగా కండపట్టి ఉంటుంది, పాంక్రేషియందేమో నల్లగా ఎండి ఉంటుంది. గిన్నే లేకపోతే క్రైనమ్ అనే మరో గడ్డమొక్క కావచ్చు. అలాగని నిరాశ అక్కర్లేదు. లెడెబోరియా హైదరాబాదెన్సిస్ అనే గడ్డమొక్క 2012లో హైదరాబాద్ పేరుతోనే లోకానికి తెలిసింది.

కొత్త జాతికి పెట్టిన పేరు చెల్లాలంటే వివరణ లాటిన్‌లో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలి, మూల నమూనాగా ఒక షీటును నిర్దేశించి అది ఏ హెర్బేరియంలో, అంటే ఎండిన మొక్కల నమూనాలు దాచేచోట, ఉందో రాయాలి. లేబుల్ మీద జిల్లా పేరు దగ్గర పొరపాటు పడొద్దు. 2022 ఏప్రిల్ 4కు ముందు తలకోన నమూనాలన్నీ చిత్తూరు జిల్లావే, ఇప్పుడది తిరుపతి జిల్లా. పాత షీట్లు వెతికేటప్పుడు చిత్తూరు పేరుతోనే చూడాలి.

అనుమతిలో ఉంటే రెండు గడ్డలు బతికించుకోండి. క్రోమోజోములు లెక్కించేందుకు వేరు కొసలు అక్కర్లేదా మరి! ఇసుక కలిపిన ఎర్రమట్టి కుండీలో, గడ్డ మెడ పైకి కనబడేలా నాటాలి. ఆకు ఎండిపోయాక నీళ్లు పూర్తిగా ఆపేయాలి. చచ్చిపోయిందేమోనని జాలిపడి పోస్తే వారంలో కుళ్లిపోతుంది.