సెస్నా 152 అత్యవసర కార్డు: రెండేళ్ల వాడకం తరువాత

హైదరాబాదులో పైలట్ శిక్షణ మొదలైన వారంలో కొన్న ఈ ప్లాస్టిక్ పూత కార్డును (సెస్నా 152 అనే రెండు సీట్ల శిక్షణ విమానంలో ఆపదవేళ చేయవలసిన పనుల జాబితా), కమర్షియల్ లైసెన్సుకు కావలసిన 200 గంటలు పూర్తయ్యేదాకా తొడకు కట్టుకునే పలక మీద ఉంచుకున్నాను. సెలవులకు విశాఖపట్నం వచ్చినప్పుడల్లా ఎం.వి.పి. కాలనీలోని మా ఇంట్లో కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, ఏ మీట ఎక్కడుందో గాలిలో చేయి చాచి సాధన చేసింది కూడా దీనితోనే.

ఇంజన్ ఆగినప్పుడు చేయవలసిన పనులను కార్డు సరైన వరుసలో చెబుతుంది: వేగం 60 నాట్లు (గంటకు 60 నాటికల్ మైళ్లు), కార్బురేటర్ హీట్ (గాలి, పెట్రోలు కలిసే కార్బురేటర్‌కు వేడి గాలి పంపే మీట) ఆన్, ప్రైమర్ (ఇంజన్ స్టార్టు చేసేటప్పుడు పెట్రోలు చిమ్మే చేతిపంపు) లోపలికి నెట్టి లాక్, ఇంధన వాల్వు ఆన్, మిక్స్చర్ రిచ్ (గాలితో కలిసే పెట్రోలు పాలు ఎక్కువ), ఇగ్నిషన్ బోత్ (నిప్పురవ్వ పుట్టించే రెండు వ్యవస్థలూ ఆన్). రేడియోలో మేడే అనే ఆపద పిలుపు, ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు విమానాన్ని గుర్తుపట్టించే పరికరం) 7700 అనే ఆపద సంకేతం ఆ తరువాతే వస్తాయి. కార్బురేటర్ హీట్‌ను అంత ముందు పెట్టడం నాకు బాగా నచ్చింది. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు కార్బురేటర్ లోపలి గాలి ఎంతగా చల్లబడుతుందంటే, మన తీరంలోని ఉక్కపోత రోజుల్లో కూడా అక్కడ మంచు పేరుకోవచ్చు; ఇంజన్‌లో వేడి మిగిలి ఉన్న కొద్దిసేపే ఆ మీట ఉపయోగపడుతుంది.

అయితే కార్డు ఉందన్న ధీమాతో నేను ఒకసారి పెద్ద పొరపాటు చేశాను. నేలకు 2,500 అడుగుల పైన శిక్షకులు ఇంజన్ ఆగినట్టు సాధన కోసం హఠాత్తుగా థ్రాటిల్ (ఇంజన్ శక్తి మీట) వెనక్కి లాగినప్పుడు, నేను విమానం ముక్కు దించకుండా కార్డు వైపు చూశాను. వరుస వెతుకుతుండగానే వేగం 50 నాట్లకు జారి, స్టాల్ హెచ్చరిక (వేగం తగ్గి రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి దగ్గరపడిందనే మోత) మోగింది. “ముందు ముక్కు దించమ్మా, తరువాత చదువుకుందువుగాని” అన్నారాయన. ఆ ఆరు పనులూ కంఠతా రావాలి. చేసినవాటిని సరిచూసుకోవడానికే కార్డు.

లోపాలలో మొదటిది ఎత్తు సంగతి. ఇంజన్ లేకుండా గాలిలో జారుతూ ప్రతి 1,000 అడుగుల ఎత్తుకు సుమారు ఒకటిన్నర నాటికల్ మైలు పోగలమని కార్డు చెబుతుంది గాని, ఆ ఎత్తును నేల నుంచి లెక్కించాలని ఎక్కడా చెప్పదు. హైదరాబాదు నేల సముద్రమట్టానికి 1,700 అడుగులకు పైనే ఉంది కాబట్టి, సముద్రమట్టం నుంచి ఎత్తు చూపే ఆల్టిమీటర్ అంకెను అలాగే తీసుకుంటే చేరలేని పొలాన్ని ఎంచుకుంటాము. ఇక సెస్నా 172ఎస్ అనే నాలుగు సీట్ల విమానానికి మారేవారు ఈ కార్డును ఇంట్లోనే ఉంచాలి: అక్కడ వేగం 68 నాట్లు, కార్బురేటరే ఉండదు, బదులుగా ఇంధన పంపు ఉంటుంది.

నన్ను ఎక్కువగా బాధించిన లోపం మాత్రం నీటి మీద దిగే పద్ధతి అసలు లేకపోవడం. కైలాసగిరి మీద నిలబడి చూస్తే ఒకవైపు సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో ఇళ్లూ కర్మాగారాలూ కనిపిస్తాయి. ఇక్కడ ఇంజన్ ఆగితే చాలాచోట్ల మిగిలేది సముద్రమే. అందుకే విమానం హ్యాండ్‌బుక్ చూసి కార్డు వెనుక చెరగని సిరాతో రాసుకున్నాను: పెద్ద అలలుండి గాలి తక్కువైతే అలలకు సమాంతరంగా, గాలి బలంగా ఉంటే గాలికి ఎదురుగా దిగాలి, నీటిని తాకకముందే తలుపుల గొళ్లేలు తీసి ఉంచాలి, లైఫ్ జాకెట్‌ను బయటపడ్డాకే ఊదాలి, లోపలే ఊదితే నీరు నిండిన క్యాబిన్‌లో అది మనిషిని పైకప్పుకు అదిమేస్తుంది.