గీజర్‌కి కొత్త మెగ్నీషియం రాడ్ వేయించాను

వస్తువు బాగుంది. కడ్డీ నిండుగా ఉంది, మర తిన్నగా పట్టింది, నీరు ఎక్కడా కారలేదు. దాంతోపాటు ఇచ్చిన రబ్బరు వాషర్ మాత్రం మరీ పలచన. వేడికి ఆగే వాషర్ వేరేగా కొనుక్కోవడం మంచిది.

పాత రాడ్ చూస్తే దీని విలువ తెలుస్తుంది. కింది సగం పూర్తిగా కరిగి లోపలి ఇనుప తీగ బయటపడింది. మిగిలిన ముక్క గుంటలు పడి, తెల్లటి పొడి కట్టి, చేత్తో రుద్దితే రాలిపోతోంది. అది పాడైపోయిందని కాదు, దాని పనే అది. ట్యాంకు ఉక్కుది, లోపల గాజు పూత ఉంటుంది. ఆ పూతలో సన్నటి బీటలు ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉంటాయి. అక్కడ నీళ్లు ఉక్కుని తాకితే తుప్పే. మెగ్నీషియం పక్కనే ఉంటే ముందు అది తరిగిపోయి ఉక్కుని కాపాడుతుంది. అది అయిపోయాక వంతు ట్యాంకుదే. ట్యాంకు ఒకసారి చిల్లుపడితే అతుకులతో ఆగదు, గీజర్ మార్చాల్సిందే.

ఇంత ముఖ్యమైన కడ్డీని సర్వీస్‌కి వచ్చినతను తీసి చూడనే లేదు. హీటింగ్ ఎలిమెంట్‌కి పట్టిన గార గీకి, సామాను సర్దుకుంటుంటే నేనే ఆపి రాడ్ విప్పించాను. ఇది నాకు నిజంగా బాధ కలిగించింది. మీరూ అడిగి విప్పించండి.

ఉప్పునీళ్లయితే ఏడాదికోసారి చూడాలి. ఉప్పునీళ్లని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ ఉందిగా అని ధీమాగా ఉండొద్దు, ఆ నీళ్లకి రాడ్ ఇంకా త్వరగా తరుగుతుంది. విప్పేముందు కరెంటు ఆపి, నీళ్లు చల్లారనిచ్చి, చన్నీళ్ల వాల్వ్ కట్టేసి, ట్యాంకు ఖాళీ చేయాలి. మాకు అడుగు నుంచి కోడిగుడ్డు పెంకుల్లాంటి గార పలుకులు చాలాసేపు వచ్చాయి. నీళ్లు తేటపడేదాకా కడిగించాం. థర్మోస్టాట్ 60 డిగ్రీలు దాటనివ్వకపోతే గార తక్కువ పడుతుంది.

మెగ్నీషియం వేశాక వేడినీళ్లు కుళ్లిన గుడ్ల వాసన వస్తే అల్యూమినియం-జింక్ రాడ్ వేసుకోవచ్చు. మాకు ఆ ఇబ్బంది రాలేదు. కొనేముందు పాత రాడ్ పొడవు, మర సైజు కొలుచుకోండి. కొన్ని స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకులకి అసలు రాడ్ ఉండదు కాబట్టి మాన్యువల్ కూడా చూడండి.